విండ్సర్: నది దాటే దారుల చరిత్ర

కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి నైరుతి కొసన, డిట్రాయిట్ నది దక్షిణపు ఒడ్డున విండ్సర్ నగరం ఉంది. ఎదుటి ఒడ్డున అమెరికా నగరం డిట్రాయిట్. నగరాల నడుమ నది వెడల్పు కిలోమీటరు కూడా ఉండదు. 2021 లెక్కల ప్రకారం విండ్సర్ జనాభా 2,29,660. చుట్టుపక్కల ఊళ్లతో కలిపితే 4,22,630. ఇంత మధ్యతరహా ఊరి మీదుగా కెనడా, అమెరికాల సరుకు వ్యాపారంలో దాదాపు పావు వంతు సాగుతుంది. పడవ, రైలు, వంతెన, సొరంగం, మహారహదారి ఇక్కడ ఒకదాని తరువాత ఒకటిగా వచ్చాయి. ప్రతిదాన్నీ ముందుగా నడిపించింది నది దాటాలన్న అవసరమే. ఊళ్లో తిరిగే జనం సౌకర్యం ఎప్పుడూ ఆ వెనకే వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో ఇక్కడ చెప్పుకోదగ్గ ఊరు విండ్సర్ కాదు, పక్కనే ఉన్న శాండ్‌విచ్. జిల్లా కచేరీలు అక్కడే ఉండేవి. విండ్సర్ ఒక పడవల రేవు మాత్రమే. ఆ రేవుకు మరో చరిత్ర కూడా ఉంది. 1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయింది. అమెరికాలో 1850లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం కఠినమైంది. ఆ రోజుల్లో డిట్రాయిట్ దాకా దాక్కుంటూ వచ్చిన నల్లజాతివారు రాత్రివేళ ఈ నదిని దాటి స్వేచ్ఛ పొందారు. శీతకాలంలో నది గడ్డకడితే కొందరు మంచు మీదుగా నడిచి వచ్చారు. ఈ ప్రాంతపు రాకపోకల చరిత్రలో ఇంతకంటే విలువైన ప్రయాణాలు వేరే లేవు.

విండ్సర్ తలరాతను మార్చింది రైలు. నయాగరా జలపాతం నుంచి హామిల్టన్, లండన్ పట్టణాల మీదుగా వచ్చిన గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1854 జనవరిలో ఇక్కడికి చేరింది. చివరి స్టేషను శాండ్‌విచ్‌కు కాకుండా విండ్సర్‌కు దక్కింది. అదే ఏడాది విండ్సర్ గ్రామ హోదా పొందింది. 1858లో పట్టణం, 1892లో నగరం అయింది. శాండ్‌విచ్ మెల్లగా వెనకబడింది.

రైలు ఒడ్డు దాకా వచ్చింది కానీ, ఒడ్డు దగ్గరే ఆగిపోయింది. ప్రయాణికులు, సరుకులు పడవెక్కి అవతల మరో రైలు అందుకోవాలి. పైగా రెండు దేశాల పట్టాల వెడల్పు వేరు. గ్రేట్ వెస్టర్న్ ఐదడుగుల ఆరంగుళాల గేజి మీద నడిచేది. నేటి భారతీయ రైల్వేల బ్రాడ్‌గేజి కొలత సరిగ్గా ఇదే. అవతలి గేజి నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. 1860ల రెండో సగంలో కంపెనీ తన లైను వెంట మూడో పట్టా పరిచి, రెండు వెడల్పుల బళ్లూ నడిచేలా చేసింది. సుమారుగా అప్పుడే, 1867లో, పట్టాలు బిగించిన ఇనప పడవ ఒకటి పనిలోకి దిగింది. బోగీలు నేరుగా పడవలోకి దొర్లి, అవతలి ఒడ్డున అలాగే దొర్లి దిగేవి. పెట్టెలు దించి ఎక్కించే శ్రమ తప్పింది. తరువాతి దశాబ్దాలలో ఇటువంటి రైలు పడవలు పెరిగాయి. 1882లో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ గ్రాండ్ ట్రంక్ రైల్వేలో కలిసిపోయింది. 1890లో కెనడియన్ పసిఫిక్ రైల్వే కూడా విండ్సర్ చేరింది. ఎన్ని కంపెనీలు వచ్చినా అందరి పీడా ఒక్కటే. శీతకాలంలో మంచు గడ్డలు పడవలను నడి నదిలో పట్టేసేవి. బళ్లు రెండొడ్లా బారులు తీరేవి.

సొరంగం తవ్వాలన్న ఆలోచన అందుకే పుట్టింది. 1870ల తొలినాళ్లలో చేసిన మొదటి ప్రయత్నంలో నేల పొరల్లోంచి గంధకపు వాయువు తన్నుకొచ్చింది. కూలీలు జబ్బుపడ్డారు, పని ఆగింది. మూడు దశాబ్దాలు గడిచాక మిషిగన్ సెంట్రల్ రైల్వే తవ్వకాన్ని వదిలి మరో దారి పట్టింది. ముందు నది అడుగున కందకం తోడారు. ఒడ్డున తయారుచేసిన ఉక్కు గొట్టాల రెండు కొసలనూ మూసి, తేలించి, సరైన చోటికి లాక్కొచ్చారు. నీరు నింపి కందకంలోకి దించారు. గజ ఈతగాళ్లు అడుగుకు దిగి ఒక గొట్టాన్ని మరో గొట్టంతో బిగించారు. పైనుంచి పొడవాటి గొట్టాల గుండా కాంక్రీటు పోసి చుట్టూ కప్పేశారు. ఆ తరువాతే లోపలి నీటిని తోడారు. 1910లో ఈ దారిలో రైళ్లు మొదలయ్యాయి. పొగ సమస్య లేకుండా విద్యుత్ ఇంజన్లు వాడారు. ప్రపంచంలో ఈ పద్ధతిలో కట్టిన మొదటి పెద్ద రైలు సొరంగం ఇదే. తరువాతి కాలంలో ఎన్నో దేశాలు నీటి అడుగున కట్టిన సొరంగాలకు ఇదే దారి చూపింది. పడవలు మాత్రం వెంటనే పోలేదు. సొరంగంలో పట్టని ఎత్తైన వ్యాగన్లను అవే మోశాయి. 1990లలో ఒక గొట్టాన్ని పెద్దది చేశాకే రైలు పడవలకు పని పోయింది.

ఊరి లోపలి ప్రయాణం కథ వేరు. 1870లలో శాండ్‌విచ్, విండ్సర్‌ల మధ్య గుర్రపు ట్రాములు నడిచేవి. 1886లో వాకర్‌విల్ వైపు ఒక చిన్న విద్యుత్ ట్రాం లైను ప్రారంభమైంది. కెనడాలో రోజువారీ సేవగా నడిచిన తొలి విద్యుత్ ట్రాం ఇదే. టొరంటో, మాంట్రియల్‌ల కంటే ముందు ఈ చిన్న ఊరు ఆ పని చేసింది. వాకర్‌విల్ అనే ఊరు డిట్రాయిట్ ధాన్యం వ్యాపారి హైరమ్ వాకర్ 1858లో పెట్టిన విస్కీ కర్మాగారం చుట్టూ వెలిసింది. తన సరుకు కోసం ఆయన సొంత రేవు, సొంత పడవ, ఈరీ సరస్సు ఒడ్డు ఊళ్ల దాకా సొంత రైలు మార్గం ఏర్పాటు చేసుకున్నాడు. 1904లో అక్కడి బళ్ల కర్మాగారంలో ఫోర్డ్ కెనడా కంపెనీ మొదలైంది. డిట్రాయిట్ నుంచి విడి భాగాలు పడవలో తెచ్చి ఇక్కడ బిగిస్తే, కెనడా దిగుమతి సుంకం భారం తగ్గేది. బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాలకు అమ్ముకోవడమూ తేలికయ్యేది. నది ఇలా అడ్డంకిగా ఉంటూనే ఊరికి బతుకుతెరువు చూపింది.

ట్రాములు మొదట స్థానికుల చేతిలో ఉండి, 1901లో డిట్రాయిట్ కంపెనీ చేతికి వెళ్లాయి. 1920లో ఇక్కడి పురపాలక సంఘాలు వాటిని కొనుక్కున్నాయి. 1922లో నాలుగు ట్రాలీబస్సులు ప్రవేశపెట్టి నాలుగేళ్లకు మానేశారు. కార్లు తయారుచేసే ఊరిలో కార్లే గెలిచాయి. 1935లో విండ్సర్, వాకర్‌విల్, శాండ్‌విచ్, ఫోర్డ్ కర్మాగారం చుట్టూ పెరిగిన ఈస్ట్ విండ్సర్ ఒక్క నగరంగా కలిశాయి. 1939లో చివరి ట్రాం ఆగి, ఊరంతా బస్సుల మీదకు మళ్లింది. 1977 నుంచి ఆ బస్సులు నడిపే సంస్థ పేరు ట్రాన్సిట్ విండ్సర్.

1920ల చివర్లో మోటారు వాహనాలకు రెండు దారులు దాదాపు ఒకేసారి సిద్ధమయ్యాయి. మొదటిది అంబాసిడర్ వంతెన. డిట్రాయిట్ ఓటర్లు 1927లో భారీ మెజారిటీతో ఒప్పుకున్నాక పని ఊపందుకుంది. ఆపై పెద్ద ప్రమాదమే తప్పింది. ఈ వేలాడే వంతెన తాళ్లకు వేడితో గట్టిపరిచిన కొత్తరకం ఉక్కు తీగ వాడారు. 1929 ఆరంభంలో రోడ్ ఐలండ్‌లోని మరో వంతెనపై అదే రకం తీగలు తెగుతున్నట్టు బయటపడింది. ఇక్కడ చూస్తే ఇక్కడా తెగాయి. కట్టినదంతా దించి, పాతరకం తీగతో తాళ్లు మళ్లీ అల్లారు. అయినా గడువుకు ముందే, 1929 నవంబరులో, వంతెన తెరుచుకుంది. రెండు స్తంభాల మధ్య దూరం 564 మీటర్లు. 1931లో న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్ వంతెన వచ్చేదాకా ప్రపంచంలో అంత పొడవైనది లేదు. తప్పు కనబడగానే దాచకుండా మొత్తం దించేసిన ఆ నిర్ణయం వల్లే వంతెన ఇంతకాలం నిలిచింది.

రెండోది 1930 నవంబరులో తెరిచిన డిట్రాయిట్-విండ్సర్ సొరంగ రహదారి. నది కింది భాగాన్ని తొమ్మిది ఉక్కు గొట్టాలు ముంచి కట్టారు. రెండు నగరాల నడిబొడ్డులను నేరుగా కలపడం దీని గొప్ప. కార్లకు, బస్సులకు సరిపోయింది కానీ పెద్ద లారీలకు చాలలేదు. వంతెన, సొరంగం వచ్చేసరికే ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చి రెండు కంపెనీలూ కష్టాల పాలయ్యాయి. అయితే అసలు దెబ్బ పడవలకు తగిలింది. 1938లో నగర మధ్య రేవుల నడుమ ప్రయాణికుల పడవ ఆగిపోయింది. చల్లగాలికి కుటుంబాలతో ఎక్కి అటూ ఇటూ తిరిగే సరదా కూడా దానితో పోయింది.

యుద్ధానంతర కాలం రోడ్లది. 1950లలో ముక్కలుగా మొదలైన 401 మహారహదారి 1968కల్లా విండ్సర్ నుంచి క్యుబెక్ సరిహద్దు దాకా, 800 కిలోమీటర్లకు పైగా, పూర్తయింది. ఊరిని తూర్పు పడమరలుగా దాటే ఇ.సి. రో ఎక్స్‌ప్రెస్‌వే 1983లో పూర్తయింది. అయినా 401 వంతెన దాకా రాలేదు. ఊరి అంచున ఆగితే, అక్కడి నుంచి లారీలన్నీ హ్యూరాన్ చర్చ్ రోడ్డు మీద, ఇళ్లు, పాఠశాలలు, దుకాణాల మధ్య, సిగ్నలు సిగ్నలుకీ ఆగుతూ పోయేవి. పొగా, మోతా ఊరివాళ్ల వంతు, వ్యాపారం లాభం ఎక్కడో ఉన్నవాళ్ల వంతు. అమెరికాపై 2001 సెప్టెంబరు దాడుల తరువాత తనిఖీలు బిగిసి, లారీల వరస కిలోమీటర్ల పొడవు సాగింది. చివరికి 2015లో, సుమారు 11 కిలోమీటర్ల హెర్బ్ గ్రే పార్క్‌వే ఆ రద్దీని నేల మట్టానికి దిగువకు దించింది. పైన అక్కడక్కడా కప్పు వేసి, పచ్చిక, నడక బాటలు, సైకిలు బాటలు ఏర్పరిచారు.

దారి మూసుకుంటే ఏమవుతుందో విండ్సర్ రెండుసార్లు చూసింది. 1945 నవంబరులో ఫోర్డ్ సమ్మె చేస్తున్న కార్మికులు కర్మాగారం చుట్టూ వీధులను వందలాది కార్లతో దిగ్బంధం చేశారు. సిటీ బస్సులు కూడా అందులో చిక్కుకున్నాయి. ఆ సమ్మె తరువాత వచ్చిన మధ్యవర్తి తీర్పు కెనడా కార్మిక సంఘాల చందా విధానానికి పునాది అయింది. 2022 ఫిబ్రవరిలో కొవిడ్ నిబంధనలను వ్యతిరేకించినవారు అంబాసిడర్ వంతెన దారిని ఆరు రోజులు అడ్డగించారు. విడి భాగాలు రాక రెండు దేశాల కార్ల కర్మాగారాలు షిఫ్టులు తగ్గించుకున్నాయి.

అంబాసిడర్ వంతెన 1979 నుంచి ఒక ప్రైవేటు కుటుంబం చేతిలో ఉంది. దేశాల మధ్య ఇంత ముఖ్యమైన దారి ఒకే యజమాని చేతిలో ఉండటం ప్రభుత్వాలకు మింగుడుపడలేదు. ప్రమాదకర సరుకుల లారీలను ఆ వంతెనపైకి రానివ్వకపోవడంతో 1990 నుంచి 2023 దాకా వాటికి వేరే బల్లకట్టు నడిచింది. మరో వంతెన ఆలోచన ఏళ్ల తరబడి వ్యాజ్యాల్లో నలిగింది. చివరికి గోర్డీ హౌ అంతర్జాతీయ వంతెన పేరుతో దాని పని 2018లో మొదలై, 2024 వేసవిలో రెండు వైపుల కట్టడం నది మీద కలిసింది. నిర్మాణ ఖర్చు కెనడా పెట్టి, టోల్ వసూళ్లతో రాబట్టుకోవాలన్నది ఏర్పాటు. స్తంభాల మధ్య దూరం 853 మీటర్లు.

సరుకుకు దారులు పెరిగినకొద్దీ, కారు లేని మనిషికి నది దాటడం కష్టమవుతూ వచ్చింది. ప్రయాణికుల పడవ 1938లో పోయింది. రైలు సొరంగం గుండా డిట్రాయిట్ వెళ్లిన చివరి ప్రయాణికుల రైలు 1979లో ఆగింది. విండ్సర్ నుంచి టొరంటోకు వియా రైలు నాలుగు గంటలకు పైగా తీసుకుని నడుస్తున్నా, నది దాటి ఏ ప్రయాణికుల రైలూ పోవడం లేదు. 1928లో పుట్టిన విమానాశ్రయం ఉన్నా, దూరప్రయాణాలకు చాలామంది డిట్రాయిట్ విమానాశ్రయాన్నే ఆశ్రయిస్తారు. సొరంగం గుండా ట్రాన్సిట్ విండ్సర్ నడిపిన బస్సు ఒక్కటే తక్కువ ఖర్చులో అటూ ఇటూ తిరిగే సాధనంగా మిగిలింది. దేశపు సరిహద్దు దాటే ఆ ఒక్క రూటు వల్ల సంస్థ మొత్తం ఫెడరల్ కార్మిక చట్టాల కిందికి వచ్చేది, సెలవు వేతనాల ఖర్చు పెరిగేది. 2025 ఆగస్టు చివరన ఆ బస్సును ఆపేశారు. అయితే కొత్త గోర్డీ హౌ వంతెనపై ఆరు వరసల రోడ్డు పక్కనే పాదచారులకు, సైకిళ్లకు ప్రత్యేక బాట వేశారు. దానికి టోల్ ఉండదు.