రాతి మీది మూడు సంగతులు

శ్రీకూర్మం గుడిలో నల్లరాతి స్తంభాల మీద బోలెడన్ని శాసనాలున్నాయి. నరహరి తీర్థుల శాసనం 1281 నాటిది. ఇచ్చిందెవరు, ఎప్పుడు, దేనికి? చాలావాటిలో ఈ మూడూ ఉంటాయి. చరిత్రకారులు వాటిని సరిచూసుకోగలిగేది అందుకే.

వైద్య వెబ్‌సైట్లకి అలాంటి కట్టుబాటు 1996లో వచ్చింది. జెనీవాలోని 'హెల్త్ ఆన్ ది నెట్' ఎనిమిది సూత్రాలు పెట్టింది. రాసిందెవరు, ఆధారమేంటి, ఎప్పుడు సవరించారు, డబ్బెవరిది, ఇవన్నీ చెప్పాలంది. 2022లో ఆ సంస్థ మూతపడింది. ఇక అడగాల్సింది చదివేవాళ్లే.

ముసలాళ్ల మతిమరుపుని చాదస్తమని తోసేస్తాం. బి12 లోపం వల్లో, థైరాయిడ్ మందగించో వచ్చిన మరుపు చికిత్సతో తగ్గొచ్చు. పేరూ తేదీ లేని 'దివ్యౌషధం' ఫార్వర్డ్‌ని నమ్ముకుంటే ఆ అదను దాటిపోతుంది.

గుళ్లో అఖండదీపం దానానికే పేరూ తేదీ చెక్కించారు. అమ్మమ్మ మతికి సంబంధించిన మాటకి ఆ మాత్రం అడగొద్దా?