బొమ్మ చూచి కొన్న సరకు

అనంతపురపు మెట్టనేలలలో వేరుసెనగ ముఖ్యమైన పంట. వేయించిన గింజలను బెల్లపు పాకములో కలిపి చేసిన ఉండలను ఒకప్పుడు చిల్లర కొట్లలో గాజు జాడీనుండి తీసి, కాగితపు ముక్కలో పెట్టి యిచ్చెడివారు. ఆ ఉండకు పేరు లేదు, బొమ్మ లేదు. రుచి చూచియో, కొట్టువానిని నమ్మియో కొనవలసినదే. సరకునకు అచ్చు పొట్లము వచ్చిన పిదప ఆ నమ్మకము కొట్టువానినుండి పొట్లముమీది బొమ్మకు మారినది.

ఈ మార్పునకు పాత ఉదాహరణము బట్టల వ్యాపారము. 19వ శతాబ్దిలో మాంచెస్టరునుండి వచ్చిన తానులపై వర్తకులు దేవతల, రాజుల, జంతువుల రంగు బొమ్మలు అంటించిరి. కొనువారిలో చదువురానివారే ఎక్కువ. వారికి బొమ్మయే పేరు. 1920లో హైదరాబాదులో హకీము మహమ్మదు మొయిజుద్దీన్ ఫారూకీ స్థాపించిన జిందా తిలిస్మాత్ మందుకు సిద్దీ యోధుని బొమ్మ గుర్తయినది. నిజాము సైన్యములోని సిద్దీలు దేహబలమునకు పేరుమోసినవారు. మందు బలమును బొమ్మ చెప్పకయే చెప్పినది.

బిస్కట్ల కథయు ఇట్టిదే. పార్లే గ్లూకోను చూచి ఇతరులును గ్లూకోజు బిస్కట్లు తయారుచేయగా, ఒకటి అడిగినవారికి మరొకటి చేరసాగినది. అందుచే ఆ సంస్థ పొట్లముపై పాప బొమ్మను అచ్చువేసినది. 1980 దశకములో పేరును పార్లే-జి గా మార్చినది. ఆ పాప ఎవరో నిజమైన బిడ్డ అని కథలు పుట్టినవి గాని, అది చిత్రకారుని ఊహయే అని సంస్థవారు తెలిపిరి. మైనపు కాగితము పోయి ప్లాస్టిక్ వచ్చినను పాప మారలేదు.

బొమ్మ మనస్సులో ఎట్లు నిలుచును? పలుమార్లు కంటబడిన దానిపై క్రమముగా ఇష్టము పెరుగునని రాబర్ట్ జాయన్స్ 1968లో ప్రయోగములతో చూపెను. బాల్యములో దానికి తీపియు, కొనిపెట్టినవారి ప్రేమయు తోడగును. ఆహారముతో జతపడిన ధ్వనికే పావ్లోవ్ కుక్కలకు నోరూరినట్లు, పొట్లపు రంగుకే పెద్దవాని నోరూరును.

2007లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 3 నుండి 5 ఏండ్ల పిల్లలు 63 మందికి ఒకే ఆహారమును రెండు విధములుగా చుట్టి యిచ్చిరి. ఒకటి ఉత్త కాగితము. రెండవది మెక్‌డొనాల్డ్స్ గుర్తుగల కాగితము. క్యారెట్టు, పాలు సైతము గుర్తున్నవే రుచిగా నున్నవని ఎక్కువమంది చెప్పిరి. పొట్లము ఎంపికనే గాక రుచిని సైతము మార్చుచున్నదన్నమాట.

ఈ శక్తిని ఎదురు దిశలోను వాడవచ్చును. 2016 ఏప్రిల్ నుండి మనదేశములో సిగరెట్టు పెట్టెలపై 85 శాతము స్థలము బొమ్మతో కూడిన హెచ్చరికకే కేటాయింపబడినది.

వానలు తప్పిన యేట కూలి డబ్బులో బిడ్డ చేతికి వచ్చు రూపాయలు కొద్ది. అవి తిండికి పోవుచున్నవా, బొమ్మకు పోవుచున్నవా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఉపాధ్యాయులు ఒకే జాడీలోని వేరుసెనగ ఉండలను కొన్నిటిని తెల్లకాగితములోను, కొన్నిటిని రంగు కాగితములోను చుట్టి, ఏవి రుచియో తరగతిలో అడుగవచ్చును. జవాబులు నల్లబల్లపై వ్రాసిన తరువాత జాడీని చూపిన చాలును.