రాయదుర్గం బళ్ళారి జిల్లాలో ఉండిన కాలం

మా ఇంటి ట్రంకు పెట్టెలో 1951 నాటి రిజిస్టరు పత్రం ఒకటి ఉంది. మా జేజినాయన తన చెల్లెలి పెళ్ళికి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన రెండెకరాల కాగితం. ఆమె మెట్టినూరు వివరం అందులో "రాయదుర్గం తాలూకా, బళ్ళారి జిల్లా, మద్రాసు రాష్ట్రం" అని ఉంది. మూడేండ్ల కింద ఆ భూమిని ఆమె పిల్లల పేరుకు మార్పించడానికి మేము ఒక ఆఫీసుకు పోయినాము. అక్కడి గుమాస్తా కాగితం చూసి, "రాయదుర్గం అనంతపురం జిల్లా కదా, బళ్ళారి అని ఎట్ల రాసినారు? ఇది తప్పు" అని కన్నడంలో చెప్పి వెనక్కి ఇచ్చేసినాడు.

కాగితం తప్పు కాదు. ఊరు కదల్లేదు, గీత కదిలింది. ఆ గీత కథ మన పిల్లలకూ తెలియాలని ఇది రాస్తున్నాము.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినాడు. అందుకే దత్తమండలాలు అన్న పేరు వచ్చింది. మొదటి ఏడేండ్లు థామస్ మన్రో కలెక్టరుగా ఉన్నాడు. 1808లో బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేసినారు. 1882లో బళ్ళారి నుంచి అనంతపురాన్ని వేరు చేసినారు. రాయదుర్గం, ఆదోని, ఆలూరు మాత్రం బళ్ళారిలోనే ఉండిపోయినాయి. ఇవన్నీ పరిపాలన సౌకర్యం కోసం గీసిన గీతలు. ఎవరు ఏ భాష మాట్లాడుతారు అని అప్పుడు అడగలేదు.

ఆ ప్రశ్న 1953లో వచ్చింది. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న చనిపోయిన తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రధాని నెహ్రూ ప్రకటించినాడు. బళ్ళారి జిల్లాలో తెలుగు, కన్నడం రెండూ కలిసిపోయి ఉన్నాయి. చివరికి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, హొసపేట, సిరుగుప్ప, సండూరు వంటివి మైసూరుకు అని తేల్చినారు. బళ్ళారి తాలూకా సంగతి తేలక, జస్టిస్ మిశ్రాను విచారణకు వేసినారు. ఆయన సిఫారసు మీద అది కూడా మైసూరుకు పోయింది. 1953 అక్టోబరు 1 నుంచి జేజినాయన మైసూరు రాష్ట్రం, ఆయన చెల్లెలు ఆంధ్ర రాష్ట్రం. ముందురోజు దాకా ఇద్దరిదీ ఒకే జిల్లా.

కథ అంతటితో ముగియలేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్, తుంగభద్ర ప్రాజెక్టును లెక్కలోకి తీసుకుని, బళ్ళారి, హొసపేట, సిరుగుప్పలను ఆంధ్రకు ఇవ్వమని చెప్పింది. కేంద్రం ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే మేము కన్నడ మీడియంలో చదివేవాళ్ళం కాదేమో. తెలుగు అక్షరాలు మాకు బడి నేర్పలేదు, అవ్వ నేర్పింది. మాకు దానిమీద ఏ ఫిర్యాదూ లేదు. కన్నడం మాకు అన్నం పెట్టిన భాష. కానీ ఒక గీత పిల్లోడి పలకదాకా వస్తుందని మా ఇంట్లోనే చూసినాము.

అయితే గీతలన్నీ ఒకటి కాదు. రాష్ట్రం హద్దు మార్చేది పార్లమెంటు, రాజ్యాంగం మూడో అధికరణం కింద. శాసనసభ అభిప్రాయం అడుగుతారు, దానికి కట్టుబడాలని లేదు. జిల్లా, తాలూకా హద్దులు మార్చేది రాష్ట్ర ప్రభుత్వం. అందుకే అవి తొందరగా మారుతాయి. హరపనహళ్ళిని చూడండి. మద్రాసు రాష్ట్రంలో బళ్ళారి జిల్లా, 1953లో మైసూరు రాష్ట్రం, 1997లో దావణగెరె జిల్లా, తర్వాత మళ్ళీ బళ్ళారి, 2021 నుంచి హొసపేట కేంద్రంగా ఏర్పడిన విజయనగర జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది.

కింది అంతస్తులో పేర్లు కూడా వేరయినాయి. ఆంధ్రలో 1985లో తాలూకాలు తీసి చిన్న చిన్న మండలాలు చేసినారు. మాకు ఇప్పటికీ తాలూకా, దాని కింద హోబళి. అందుకే అత్త "మండలాఫీసుకు పోయొచ్చినా" అంటే మా పిల్లలకు అర్థం కాదు. 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణ మాత్రం రెండు పక్కలా ఒకే చెట్టు నాటింది: ఐదేండ్లకొకసారి ఎన్నికలు, గ్రామసభ, మూడంచెల పంచాయతీ. మాకు గ్రామ, తాలూకా, జిల్లా పంచాయతీ, వాళ్ళకు గ్రామ పంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు. పార్లమెంటు గీసిన గీతను మనం జరపలేము. గ్రామసభలో మాత్రం లేచి నిలబడి తెలుగులోనో కన్నడంలోనో అడగొచ్చు.

నీళ్ళకయితే గీతలు తెలియవు. తుంగభద్ర కాలువలు హొసపేట దగ్గర మొదలై బళ్ళారి దాటి అనంతపురం, కర్నూలు పొలాలకు పోతాయి. అందుకే 1953లోనే ఉమ్మడిగా తుంగభద్ర బోర్డు పెట్టాల్సి వచ్చింది.

మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాము. మా పనిలో మొదట చూసేది హద్దుల దగ్గరే, తప్పులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. మా పత్రం కూడా అట్లాంటి చోటే ఇరుక్కుంది. 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టంలో బళ్ళారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అని పేర్లతో సహా ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి అర్జీకి జతచేసినాము. రెండోసారి అదే గుమాస్తా నిదానంగా చదివి, "మాకు ఇది ఎవరూ చెప్పలేదు" అని తీసుకున్నాడు. అత్త పిల్లల పేరు ఎక్కింది.

మీ ఇంట్లో వంశవృక్షం రాసేవాళ్ళకు ఒక మాట. ఊరి పేరు పక్కన జిల్లా, రాష్ట్రం రాస్తే చాలదు, ఏ సంవత్సరం నాటి మాటో కూడా రాయండి. మా జేజినాయన కాగితంలో మద్రాసు, నాయన పదో తరగతి మార్కుల కార్డులో మైసూరు, మా దాంట్లో కర్నాటక. మూడు తరాలు, మూడు పేర్లు, ఒకే గడప. సంవత్సరం లేకుంటే రేపు మన మనవళ్ళు ముగ్గురూ మూడు ఊర్ల వాళ్ళనుకుంటారు.