‘ఇతర వ్యక్తులు’: అమెరికా రాజ్యాంగంలో పౌరుడెవరు?

రాజ్యాంగమనేది వకీళ్ల సొత్తనీ, సాహిత్య విద్యార్థికి దానితో పనిలేదనీ మనలో ఒక అభిప్రాయం వుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 2025 జనవరి చివర టెక్సాస్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసి, “మామయ్యా, నాకు పుట్టబోయే బిడ్డ ఏ దేశం మనిషవుతుంది?” అని అడిగింది. ఆమె, భర్త వుద్యోగ వీసాల మీద అక్కడ వుంటున్నారు. ఆ నెల 20న అధ్యక్షుడు ట్రంప్ ఒక వుత్తర్వు మీద సంతకం చేశాడు. తల్లి అనుమతి లేకుండా గానీ, తాత్కాలిక వీసా మీద గానీ వుండి, తండ్రి పౌరుడూ శాశ్వత నివాసీ కాకపోతే, అమెరికా గడ్డ మీద పుట్టినా ఆ బిడ్డను పౌరుడిగా గుర్తించబోమని దాని సారాంశం. ఫిబ్రవరి 19 తర్వాత పుట్టేవారికి అది వర్తిస్తుందన్నారు. ఆమెకు జవాబు చెప్పలేక అమెరికా రాజ్యాంగం తెచ్చుకుని చదివాను. చిన్న గ్రంథం, ఒక పూటలో అయిపోతుంది. ఏ రచననైనా చదివినట్టే చదివాను, అది చెప్పినదాన్నీ దాచినదాన్నీ కలిపి.

1787లో ఫిలడెల్ఫియాలో సమావేశమైన 55 మంది ప్రతినిధులలో ఒక్క స్త్రీ లేదు. సుమారు 25 మందికి సొంత బానిసలున్నారు. ‘ప్రజలమైన మేము’ అంటూ మొదలయ్యే ఆ రచనలో శాసనసభకూ, అధ్యక్షుడికీ, న్యాయస్థానానికీ అధికారాలు పంచిన తీరు మన పాఠ్యపుస్తకాల్లో వున్నదే. నన్ను ఆపింది వేరొకటి. లక్షలాది బానిసలున్న దేశపు మూల శాసనంలో ‘బానిస’ అన్న మాటే లేదు! బానిసల ప్రస్తావన లేక కాదు, వుంది. ఒకచోట ‘ఇతర వ్యక్తులు’ అన్నారు. ఇంకొకచోట, రాష్ట్రాలు రప్పించుకోదలచిన ‘అటువంటి వ్యక్తుల’ దిగుమతిని 1808 దాకా నిషేధించరాదన్నారు. మరొకచోట, పారిపోతే పట్టి అప్పగించవలసిన వాణ్ణి ‘సేవకో శ్రమకో కట్టుబడిన వ్యక్తి’ అన్నారు. ప్రతినిధుల సభలో స్థానాలు లెక్కగట్టేటప్పుడు ఆ ‘ఇతర వ్యక్తుల’లో ఐదింట మూడొంతులను జనాభాలో కలుపుకోవాలి. ఓటు లేనివాడి తల లెక్కతో యజమానికి అదనపు సీట్లు దక్కుతాయన్నమాట. మనుషులలో ఆస్తి వుండవచ్చునన్న భావాన్ని రాజ్యాంగంలో ఒప్పుకోవడం తప్పని ఆ సభలోనే మాడిసన్ అన్నాడు. ఆయనకూ బానిసలున్నారు. భావాన్ని ఒప్పుకోకుండా ఆస్తిని మాత్రం కాపాడుకోవడానికి ఏ భాష కావాలో ఆ భాష రాశారు. ఆ మాట రాజ్యాంగంలోకి మొదటిసారి వచ్చింది 1865లో, బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడవ సవరణలో.

‘పౌరుడు’ అన్న మాట సంగతి ఇంకా చిత్రం. అధ్యక్షుడు పుట్టుకతో పౌరుడై వుండాలి, సెనేటరు తొమ్మిదేళ్లుగా, ప్రతినిధి ఏడేళ్లుగా పౌరులై వుండాలి. మరి పౌరుడంటే ఎవరు? మూల రాజ్యాంగం చెప్పదు. బయటినుంచి వచ్చినవారి విషయంలో ఆ ఖాళీని 1790 నాటి శాసనం పూరించింది: స్వేచ్ఛగల తెల్లవారికే పౌరసత్వం ఇవ్వవచ్చు. అక్కడే పుట్టిన నల్లవారి విషయంలో 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు పూరించింది: బానిసైనా స్వతంత్రుడైనా, బానిసలుగా తెచ్చిన నల్లవారి సంతతి పౌరులు కారు, కాలేరు.

ఆ తీర్పును చెరిపింది న్యాయమూర్తుల మనస్సాక్షి కాదు, నాలుగేళ్ల అంతర్యుద్ధం. అందులో సుమారు 1,80,000 మంది నల్లవారు ఉత్తరాది సైన్యంలో పోరాడారు. ఆ తర్వాతే 1868లో పద్నాలుగవ సవరణ వచ్చింది. అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడినవారంతా పౌరులేనని రాజ్యాంగం మొదటిసారి నోరువిప్పి చెప్పింది. ‘పరిధికి లోబడి’ అన్న ఆ చిన్నమాటే తర్వాతి కాలంలో గొడవలకు మూలమైంది. తెగను వదిలి ఒమాహా నగరంలో స్థిరపడిన జాన్ ఎల్క్ అనే ఆదివాసి ఓటు అడిగితే, తెగలో పుట్టావు కనుక ఆ పరిధిలో పుట్టలేదు పొమ్మంది సుప్రీంకోర్టు 1884లో. ఆ నేల అసలు బిడ్డలందరికీ పౌరసత్వం 1924 దాకా రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వంటవాడు వాంగ్ కిమ్ ఆర్క్ మాత్రం 1898లో గెలిచాడు. తల్లిదండ్రులు పౌరులు కాలేకపోయినా అక్కడ పుట్టినవాడు పౌరుడేనని కోర్టు ఒప్పుకుంది. మా మేనకోడలి బిడ్డకు ఆధారం ఈ వంటవాడే.

ఇక మనవాళ్ల కథ. భగత్ సింగ్ థిండ్ పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1870లో ఆఫ్రికా సంతతివారికి కూడా పౌరసత్వ ద్వారం తెరిచారు గానీ ఆసియావాడికి ‘తెల్లవాడి’నని రుజువు చేసుకోవడమొక్కటే దారి. 1922 నవంబరులో జపానుకు చెందిన ఒజావా కేసులో, తెల్లవాడంటే ఒంటి రంగు కాదు, కాకేషియన్ జాతివాడు అని సుప్రీంకోర్టు తేల్చింది. థిండ్ పక్షం ఆ మాటే పట్టుకుంది. నాటి జాతిశాస్త్రం వుత్తర భారతీయుల్ని కాకేషియన్లనే అంటోంది కదా! 1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. శాస్త్రం మాకక్కరలేదు, సామాన్యుడి వాడుకలో తెల్లవాడు కాదు కనుక నువ్వు తెల్లవాడివి కావు. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. మధ్య మూడు నెలలు. ఆయన స్వయంగా ఇంగ్లండులో పుట్టి వలస వచ్చినవాడు. వ్యావహారిక భాషావాదాన్ని ఇంత దుర్మార్గానికి వాడుకున్న సందర్భం మరొకటి నేనెరగను.

ఇక్కడితో ఆపితే మనకు హాయిగానే వుంటుంది, నేరమంతా తెల్లవాడిదవుతుంది. కానీ థిండ్ పక్షం వాదన చదవండి. తాను అగ్రకుల ఆర్యుణ్ణనీ, అమెరికన్ నీగ్రోతో వియ్యమందడానికి ఎంత అసహ్యించుకుంటాడో అగ్రకులస్థుడు కింది జాతివాడితో వియ్యానికి అంతే అసహ్యించుకుంటాడనీ చెప్పుకున్నారు. ఆ చట్టం అన్యాయమని వారు అనలేదు, దాని నీడలో తమకింత చోటిమ్మన్నారు. కులాన్ని యోగ్యతాపత్రంగా సముద్రం దాటించినా అది చెల్లలేదు. పౌరసత్వం వచ్చిన భారతీయులు కూడా పదుల సంఖ్యలో దాన్ని పోగొట్టుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. థిండ్‌కు చివరికి 1936లో, మాజీ సైనికుల కోసం చేసిన చట్టం కింద, పౌరసత్వం దక్కింది.

భారతీయులకు దారి తెరిచిన 1946 చట్టం ఏడాదికి వంద మందిని రానిచ్చింది. పౌరసత్వానికి జాతి అడ్డంకి 1952లో పోయింది. దేశాలవారీ పాత కోటాలు 1965లో రద్దయ్యాయి. మన డాక్టర్లూ ఇంజనీర్లూ పెద్ద సంఖ్యలో విమానమెక్కింది ఆ తర్వాతే. నల్లవారు లాఠీలూ కుక్కలూ ఎదుర్కొని సాధించిన 1964 పౌరహక్కుల చట్టానికీ, 1965 ఓటుహక్కు చట్టానికీ ఆ వలస చట్టం తోబుట్టువు. నేను చదివిన మన ప్రవాస కథల్లో ఆవకాయ వుంది, మంచు వుంది, ఒంటరితనం వుంది. నల్లవాడు వస్తే రాత్రిపూట వీధిలో భయపెట్టేవాడుగానే వచ్చాడు. తలుపు తీసినవాణ్ణి దొంగగా చిత్రించే సాహిత్యాన్ని ఏమని పిలవాలో మన విమర్శకులు చెప్పాలి.

ట్రంప్ వుత్తర్వును కింది కోర్టులు నిలిపివేశాయి, వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. మేనకోడలికి ఆ జూన్‌లో ఆడపిల్ల పుట్టింది, జనన ధృవపత్రం వచ్చింది. “ఇంక భయం లేదు కదా మామయ్యా?” అంది. నాకు వాంగ్ కిమ్ ఆర్క్ గుర్తొచ్చాడు. సుప్రీంకోర్టులో గెలిచిన మూడేళ్లకు, 1901లో, అదే టెక్సాస్‌లోని ఎల్ పాసోలో అధికారులు అతన్ని చట్టవిరుద్ధంగా వున్న చైనావాడంటూ అరెస్టు చేశారు. తన పేరుతోనే తీర్పు వున్న ఆ మనిషి తాను పౌరుణ్ణని మళ్లీ నిరూపించుకోవడానికి నెలలు పట్టింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. కాగితాలన్నీ జాగ్రత్తగా దాచుకోమని మాత్రం అన్నాను.