పత్తి, మిర్చి నేలల్లో పిల్లల పేగు జబ్బులు

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పిల్లల పేగు జబ్బుల చరిత్ర తాగునీటితో పెనవేసుకుంది. నల్లరేగడి ఊళ్ళలో చాలాచోట్ల బావినీళ్ళు ఉప్పన. వానకో కాలవకో నిండే ఊరచెరువే అక్కడ మంచినీళ్ళకు ఆధారం. చెరువు నుంచి తెచ్చిన బురదనీళ్ళను తేటపరచడానికి ఇండుపగింజను అరగదీసి కుండలో కలిపేవాళ్ళు. కాసేపటికి మట్టి అడుగుకు దిగి, పైన నీళ్ళు అద్దంలా తేలేవి. గింజలోని పదార్థం మట్టి రేణువులను ముద్దగట్టి కిందికి దించుతుంది కాబట్టి ఈ పద్ధతి మట్టికి బాగానే పనిచేసింది. కలరా, టైఫాయిడ్, రక్తవిరేచనాలు తెచ్చే బ్యాక్టీరియాను నమ్మకంగా తొలగించే శక్తి మాత్రం దానికి లేదు.

కరువులు ఈ నీటి ముప్పును మరింత పెంచాయి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పనికోసం ఒక్కచోట చేరిన ఆ జనంలోకి కలరా కూడా వచ్చింది. కలరాకు కారణం ఒక సూక్ష్మజీవి అని రాబర్ట్ కోక్ కలకత్తాలో చూపించింది 1884లో. అప్పటిదాకా ఊరు ఊరంతా కలరా దేవత అంకమ్మ తల్లికి మొక్కుకోవడమే దిక్కు.

ఇళ్ళలో జరిగిన వైద్యంలో మేలూ కీడూ కలిసే ఉన్నాయి. గంజితేట, పల్చని మజ్జిగ, సగ్గుబియ్యం జావ ఒంట్లో నీరు నిలబెట్టేవి. కానీ సన్నిపాత జ్వరమని తేలితే లంఖణాలు, విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు కట్టడి. అసలే నీరు పోయి ఎండిన పసివాడికి నీళ్ళు మానిపించడం ప్రాణాంతకం. ఏ తల్లీ బిడ్డ మీద ప్రేమ లేక ఆ పని చేయలేదు. తాగిందంతా మళ్ళీ పోతోందన్న భయం అలా చేయించింది. పళ్ళు వస్తున్నాయనీ, దిష్టి తగిలిందనీ సరిపెట్టుకుని రోజులు గడపడం కూడా ఎన్నో ప్రాణాలు తీసింది.

1883లో అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ మొదట ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకూ పిల్లలకూ వైద్యం చేసింది. మగ డాక్టరు ముందుకు రాలేని స్త్రీలకు ఆమె రాక పెద్ద ఆసరా. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. కుగ్లర్ ఆసుపత్రిగా జనం నోట నిలిచింది ఆమె తెరిచిన ఆ ఆసుపత్రే. తల్లితో పాటు బిడ్డనూ చేర్చుకుని కనిపెట్టి చూసే చోటు ఈ మైదానంలో ఏర్పడటమే అసలైన మలుపు.

రోగనిర్ధారణ అంత త్వరగా అందలేదు. టైఫాయిడ్‌కు విడాల్ పరీక్ష 1896లో వచ్చినా, పాత జ్వరాల తాలూకు యాంటీబాడీలు కూడా ఫలితాన్ని తారుమారు చేయగలవు. జబ్బు తొలి రోజుల్లో రక్తాన్ని కల్చర్ చేయడమే నమ్మదగిన దారి. 1946లో గుంటూరు వైద్య కళాశాల మొదలయ్యాక ఇలాంటి పరీక్షలు నేర్పే వైద్య విద్య స్థానికంగానే దొరికింది.

మందులు వచ్చింది కూడా దాదాపు అప్పుడే. 1948లో క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్‌ను లొంగదీసింది. గ్రహణి జాతి పేగు జబ్బు స్ప్రూకు ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకుని, తానూ దాని పాలై బయటపడ్డ భీమవరం వాడు యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి అదే ఏడాది ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటి మందు. అయితే ఆ జాతి మందులు ఎదిగే పిల్లల పళ్ళకు రంగు పట్టిస్తాయని తర్వాత తేలింది. 1972లో కేరళలో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. కనిపించిన ప్రతి విరేచనానికీ యాంటీబయాటిక్ రాస్తే ఏమవుతుందో హెచ్చరించడానికి అదొక్కటి చాలు.

అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు నిలబెట్టింది ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు. 1971లో బంగ్లా శరణార్థుల బనగావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ సెలైన్ చాలక ఇలాంటి ద్రావణాన్నే తాగించి కలరా మరణాలను బాగా తగ్గించాడు. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కలపాలి. విరేచనాలైతే నీళ్ళు మానిపించాలన్న పాత నమ్మకం దీనితో తిరగబడింది. తర్వాత 10 నుంచి 14 రోజుల జింకు కూడా చికిత్సలో చేరింది.

పిల్లల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చి వాటంతట అవే తగ్గుతాయి. వాటిలో ఒకటైన రోటావైరస్‌కు టీకాను 2016లో సార్వత్రిక టీకాల్లో ముందుగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగిలిన కొద్దిపాటి బ్యాక్టీరియా కేసులను పట్టుకోవడమే ఇప్పటి పని. బియ్యం కడిగిన నీళ్ళలా ధారగా పోతుంటే కలరాను, రక్తం, జిగట, జ్వరం కలిసి ఉంటే షిగెల్లాను అనుమానిస్తారు. అరుదైన కొన్ని ఈ.కోలై రకాల్లో యాంటీబయాటిక్ వాడితే కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరగవచ్చు. అందుకే మందుకు ముందే మలం కల్చర్‌కు పంపడం మంచిది. కల్చర్ ఫలితం వచ్చేలోపు మాడు గుంటపడిందా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటోందా, కళ్ళు లోతుకు పోయాయా అని చూసి నీరు భర్తీ చేయాలి.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, చుట్టుపక్కల వాడల్లో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి. చెరువు పోయి కొళాయి వచ్చినా పైపుకు పక్కనే మురుగుకాలవ పారుతున్నంత కాలం ముప్పు అలాగే ఉంటుంది. మిర్చి కోతలకు పసిపిల్లలను వెంటబెట్టుకుని వలస వచ్చే కూలీ కుటుంబాలకు ఆ కొళాయి కూడా దొరకదు. చేలగట్టు దగ్గర ఏ నీళ్ళు దొరికితే అవే బిందెకెక్కుతాయి.