వాల్తేరు నుండి బెర్లినునకు

1908లో మన వాల్తేరునందు వంగకుటుంబమున జన్మించిన దేవికారాణి, భర్తయైన హిమాంశురాయ్‌తో జర్మనీ కేగి, బెర్లినులోని ఊఫా చిత్రశాలయందు శిక్షణ గాంచి, ఆ దేశపు తారల విద్యను మనకు గొనివచ్చినది.

1934లో వెలసిన వారి బాంబే టాకీసునకు దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్, ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్, ఇరువురును జర్మనులే. ‘అఛూత్ కన్య’ (1936)లో అశోక్‌కుమార్ సరసన చెట్టుకొమ్మపై గూర్చున్న యా పల్లెపడుచు కనుబొమల సన్నని వంపును, మోమున బడు మెత్తని వెలుగును జూచినప్పుడెల్ల నాకు బెర్లిను గురువుల హస్తము గోచరించును. ఆ కన్నులలోని దైన్యము మాత్ర మామె సొంతము.

1939లో యుద్ధము రాగా ఓస్టెను నిర్బంధింపబడెను; 1940లో రాయ్ మరణింపగా ఆమె కొంప కూలెను. చిత్రశాలభారమును కొన్నేండ్లు తానే వహించి, 1945లో స్వెతొస్లావ్ రోరిక్‌ను పెండ్లాడి, తుదకు బెంగళూరు చెంతనున్న తాతగుణి తోటలో సుగంధతైలవృక్షముల నడుమ నిలిచిన యామె, తొలి ఫాల్కే పురస్కారగ్రహీత, 1994లో ఆ నగరముననే కన్నుమూసినది.