పాత సాన్ హువాన్
కరీబియన్ దీవి ప్యూర్టోరికో రాజధాని సాన్ హువాన్‌లోని కోటగోడల పట్టణం. స్పానిష్‌వారు 1521లో ఇక్కడ స్థిరపడ్డారు. క్రూయిజ్ ఓడల రేవు ఊరిని ఆనుకునే ఉండడంతో, ఓడ దిగిన ప్రయాణికులు కాలినడకనే చూసి రావచ్చు. వీధుల్లో పరిచిన నీలి దిమ్మెలు రాళ్లు కావు. ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెంతో పోతపోసినవి. వాన తడికి వాటి రంగు మరింత తేలుతుంది. 1539లో కట్టడం మొదలైన ఎల్ మొర్రో కోట 1595లో ఆంగ్ల నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ దాడిని తిప్పికొట్టింది. 1625లో డచ్చివారు పట్టణాన్ని తగలబెట్టినా కోట మాత్రం లొంగలేదు. సమయం తక్కువైతే దుకాణాల వీధులు మానుకొని నేరుగా ఈ కోటకే వెళ్లడం మేలు: గోడ అంచున గుండ్రటి కావలి గూటిలో నిలబడితే, రేవు ముఖద్వారాన్ని ఫిరంగులు ఎలా కాచాయో కళ్లకు కడుతుంది. ఎల్ మొర్రో సహా ఇక్కడి కోటలు 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.